నలభై సెకన్ల వీడియో

మా పెళ్ళయి ఆ రోజుకి డెబ్భై రెండు రోజులు. ఇలా రోజులు లెక్కపెట్టడం మానమని ఎడ్విన్ అంటాడు. కానీ రోజుకొక కొత్త సంగతి దొరుకుతుంటే ఎలా మానను? ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. బండి మీద వెనక కూర్చుంటే ఎడ్విన్ చొక్కా మీది రాతి పొడి నా చెంపకి అంటుకోవడం. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒక పక్కనే పౌడరు రాసుకున్న మనిషిలా ఉండేదాన్ని. అత్తమ్మ చూసి, "రెండో చెంపకు రేపు రాస్తాడులే" అనేది.

ఆ డెబ్భై రెండో రోజున మా షెడ్డు పేరు మీద వెబ్‌సైటు తెరిచాను.

మాది సమాధి రాళ్ళు చెక్కే ఇల్లు. ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా విగ్రహాలు చెక్కే షెడ్లు ఉంటాయి. సగం తేలిన నందులు, ఇంకా ముక్కు రాని దేవతలు ఎండలో వరసగా నిలబడి ఉంటారు. ఆ వరసకి చివర మా మామయ్య జోసెఫ్ గారి షెడ్డు. చిన్నప్పుడు ఆయన అలాంటి షెడ్డులోనే పనికి చేరి, విగ్రహాల పీఠాల మీద దాతల పేర్లు చెక్కుతూ అక్షరాలు నేర్చుకున్నారు. తర్వాత సొంతంగా సమాధి రాళ్ళు మొదలుపెట్టారు. నంద్యాల, పాణ్యం, చాగలమర్రి, అటు పగిడ్యాల దాకా సమాధుల తోటల్లో ఆయన చేతి అక్షరాలు ఉన్నాయి.

మా అమ్మ రాయి కూడా ఆయన చెక్కిందే. మాది నంద్యాల. ఆ రాయి పని మీద నాన్నతో కలిసి మూడుసార్లు ఈ షెడ్డుకి వచ్చాను. నాలుగోసారి పనేమీ లేకుండానే వచ్చాను. అప్పుడు ఎడ్విన్ అడిగాడు, "ఇంగేం మిగిలిందమ్మా రాయి మీద?" అని. నాకు జవాబు తోచలేదు. ఆ తోచకపోవడం చూసే అతను నవ్వాడు. మా సంబంధం అలా మొదలైంది.

వెబ్‌సైటు నా ఆలోచన. వీడియో మాత్రం ఎడ్విన్‌ది. నంద్యాలలో మిషన్ పెట్టిన దుకాణం వచ్చిన దగ్గర్నుంచి మాకు పని తగ్గింది. ఫొటో ఇస్తే చాలు, మిషన్ ఒక్క రోజులో రాయి మీద మనిషి మొహాన్ని కూడా దించేస్తుంది. మామయ్యకి ఒక్కో రాయికి మూడు వారాలు పడుతుంది.

"మనం చేత్తో చేస్తామని ఎవురికి తెలుస్తాది?" అన్నాడు ఎడ్విన్. "ఫొటోలో మిషన్ అచ్చరం, చెయ్యి అచ్చరం ఒగటే మాదిరి ఉంటాయి. నాయన ఉలి పట్టుకోని కొడతాంటే చూడల్ల జనం. పేజీ తెరవంగానే వీడియో ఆడల్ల. ఎనక కీబోర్డు మ్యూజిక్కు."

నాకు రెండు సందేహాలు వచ్చాయి. ఒకటి చిన్నది. చాగలమర్రి అవతల పల్లెల్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు, వీడియో తెరుచుకోక చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. ఫొటోలైతే ఎలాగో వచ్చేస్తాయి. రెండోది ఎడ్విన్‌కి గట్టిగానే చెప్పాను.

"ఈ పేజీ ఎవరు తెరుస్తారు? ఇంట్లో చావు జరిగినవాళ్ళు. చుట్టాల మధ్య కూర్చుని మెల్లగా ఫోన్ తెరుస్తారు. తెరవగానే టంగు టంగు మని మోగితే?"

"ఉండే ఏడుపు సాలదా వాళ్ళకు, నీ కీబోర్డు గూడానా?" అంది అత్తమ్మ. ఆమె పేరు చెన్నమ్మ. రాళ్ళ మీద కప్పే తెల్లగుడ్డలు కుడుతూ మాట్లాడుతోంది.

చివరికి ఒప్పందం కుదిరింది. వీడియో ఉంటుంది, దానంతట అది ఆడదు, నొక్కితేనే ఆడుతుంది. మ్యూజిక్ ఉండదు.

ఇక మామయ్యని ఒప్పించాలి. ఆయన పేరు చెక్కే రోజుల్లో షెడ్డులో ఒక మూల గోనెపట్టా దించుకుంటారు. ఆ పట్టా దుమ్ము బయటికి రాకుండా అని నేను మొదట్లో అనుకునేదాన్ని. మామయ్యకి కెమెరా ఇష్టం లేదు. కానీ కొత్త కోడలు నోరు తెరిచి ఏదైనా అడిగితే ఆయనకి కాదనడం రాదు. ఆ సంగతి నాకు అప్పటికే తెలిసిపోయింది.

"సరేమ్మా. చేతులు తీసుకో. పేరు తీయొద్దు" అన్నారు.

"ఎందుకు మామయ్యా?"

"వాళ్ళు చూడల్ల ముందు."

అంతే అన్నారు. అప్పుడు పట్టా వెనక ఉన్న రాయి గురించి నాకు సగమే తెలుసు. మిగతా సగం మీకు ఇక్కడే చెప్తాను. చెప్పకపోతే నేను చేసింది చిన్న పొరపాటుగా కనిపిస్తుంది.

ఆ రాయి నంద్యాలలో ఉండే తిమోతి గారిది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఏడాది కిందట ఆయన భార్య నాగేశ్వరమ్మ బాత్రూంలో జారి తుంటి విరిగితే కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఇక్కడ నంద్యాలలో ఆయనకి గుండె ఆగిపోయింది. ఆమెని కదిలించకూడదని డాక్టర్లు అన్నారు. ఎండాకాలం. ఎక్కువసేపు ఉంచలేక ఆ సాయంత్రమే సమాధి చేశారు. ముప్పై ఎనిమిదేళ్ళు కలిసి ఉన్న మనిషి మొహాన్ని ఆఖరిసారి ఊరంతా చూసింది, ఆమె తప్ప.

అందుకని రాయి చేయించేటప్పుడు నాగేశ్వరమ్మ వాకర్ పట్టుకుని నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వచ్చి మామయ్యతో ఒకే మాట చెప్పిందట. "జోసెఫూ, ఆయన్ని అందరూ చూసినాక గూడా నేను చూడలేకపోతి. రాయినన్నా నేను ముందు చూస్తా. నాకంటే ముందు ఎవురూ చూడగూడదు." మామయ్య మాట ఇచ్చారు.

మా వాళ్ళలో రాయి నిలబెట్టే రోజున దాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. పాస్టరు గారు ప్రార్థన చేశాక, పోయినవాళ్ళకి అందరికంటే దగ్గరి మనిషి ఆ గుడ్డ లాగుతారు. మా అమ్మ రాయికి నాన్న, నేను చెరో కొస పట్టుకుని లాగాం. ఆ పని ఎంత బరువైనదో నాకు తెలిసి ఉండాలి. తెలుసు కూడా. అందుకే నా మీద నాకు ఎక్కువ కోపం.

వీడియో తీస్తుంటే మామయ్య మధ్యలో సుత్తి పక్కన పెట్టి తడిగుడ్డతో రాయిని తుడిచారు. పొడి అంతా పోయి అక్షరాలు ఒక్కసారిగా నల్లగా లేచాయి. 'తిమోతి' అని, కింద రెండు తేదీలు. మామయ్య నీళ్ళ బకెట్ కోసం అటు తిరిగారు. నా ఫోన్ ఇంకా నడుస్తోంది. అంత అందమైన క్షణం ఆ షెడ్డులో నేను అంతవరకూ చూడలేదు.

మామయ్య మాట నేను మర్చిపోలేదు. "వాళ్ళు చూడల్ల ముందు" అన్నారు కదా, ఆ వాళ్ళు ఎవరో నేనే తేల్చుకున్నాను. రాయికి ఆర్డరిచ్చింది వాళ్ళబ్బాయి జీవన్ కుమార్. బెంగుళూరులో ఉంటాడు. అతనికి ఫోన్ చేసి వీడియో పంపాను. "చాలా బాగుంది సిస్టర్, పెట్టుకోండి" అన్నాడు. ఇంటివాళ్ళ అనుమతి దొరికిందనుకున్నాను. నలభై సెకన్ల వీడియో, చివరి ఐదు సెకన్లు పేరుతో సహా, వెబ్‌సైటు మొదటి పేజీలో పెట్టాను. సాయంత్రానికి అరవై నాలుగు మంది చూశారు. ఎడ్విన్ జిలేబీ తెచ్చాడు. సగం జిలేబీ నాకు ఇచ్చి సగం తను తింటూ, అరవై ఐదో మనిషి కోసం ఇద్దరం ఒకే ఫోన్‌లోకి తలలు పెట్టి కూర్చున్నాం.

ఆ అరవై నాలుగు మందీ ఎవరో ఆదివారం తెలిసింది.

గుడి నుంచి వచ్చి అన్నాలకి కూర్చుంటుంటే మామయ్య ఫోన్ మోగింది. ఆయన "చెప్పక్కా" అన్నారు. తర్వాత అవతలి మాట మొత్తం విన్నారు. ఫోన్ కింద పెట్టి నా వైపు చూశారు.

"రమ్యా, పేరు పెట్టినావామ్మా?"

"వాళ్ళబ్బాయిని అడిగే పెట్టాను మామయ్యా. ఆయన..."

"ఆయమ్మను అడిగినావా?"

జీవన్ కుమార్ ఆ లింకుని వాళ్ళ చుట్టాల గ్రూపులో పెట్టాడు. నాగేశ్వరమ్మది బటన్ల ఫోను. ఆమెకి ఏ గ్రూపూ తెలియదు. ఆ ఉదయం గుడిలో ఆరాధన అయ్యాక వరసకి ఆడబిడ్డ అయ్యే ఒకామె పక్కకి వచ్చి, "మా అన్న పేరు భలే చెక్కినారు వదినా, తేదీలు గూడా సరిగా వేసినారు" అన్నదట. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవును అన్నారట.

"ఏమంది ఆమె?" అని అడిగాడు ఎడ్విన్.

"'జోసెఫూ, మళ్ళా నేనే ఆఖరు' అనింది."

కంచాల్లో అన్నం అలాగే ఉంది. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "తీసెయ్యమ్మా దాన్ని" అన్నారు. తీసేశాను. తీయడానికి ఒక్క నొక్కు చాలింది. కానీ ఎన్ని ఫోన్లలో దిగిపోయిందో దాన్ని నేను తీయలేను కదా.

తిట్టింది అత్తమ్మే. "పేరు వద్దని మామ చెప్పినాడా లేదా? చదువుకున్నావు గదా, ఒగ మాట ఆయమ్మకు ఫోన్ చేసి అడగాలని తెలీదా? గుడ్డ లాగేది కొడుకా, పెండ్లామా?" ఆమె తిడుతుంటే నాకు కాస్త ఊపిరి ఆడింది. మామయ్య మౌనం కంటే అదే నయం.

ఎడ్విన్ నా తరఫున మాట్లాడబోయాడు. "నాయనా, అరవై మంది చూసింటారు. అంతే గదా?"

"ఎంతమంది చూసినారని గాదురా" అన్నారు మామయ్య. "ఆయమ్మ చూడలేదు."

తిమోతి గారి సంవత్సరం దినానికి, అంటే రాయి మీది గుడ్డ లాగే రోజుకి, ఇంకా పదమూడు రోజులు ఉన్నాయి. కొత్త రాయి తెచ్చి మొదలుపెడదామా అని మామయ్య ఆలోచించారు. పాలిష్ చేసిన రాయి రావడానికే వారం పడుతుంది. కొత్త రాయి మీద చెక్కినా పేరు అదే, తేదీలు అవే. అందరూ చూసేసినవే. ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. "పోయి కలిసొస్తాం" అన్నారు. "నువ్వు గూడా రా."

మర్నాడు బస్సులో నంద్యాల వెళ్ళాం. పెళ్ళయ్యాక ఆ దారిలో ఎన్నిసార్లు పోయినా కిటికీ పక్కన కూర్చుని చేలని, బోర్డుల్ని, ఎదురొచ్చే లారీల వెనక రాతల్ని చదువుకుంటూ పోయేదాన్ని. ఆ రోజు ముందు సీటు కమ్మీ వైపే చూస్తూ కూర్చున్నాను.

నాగేశ్వరమ్మ ఇల్లు ఒక సందులో చివర ఉంది. మామయ్య తలుపు తట్టారు.

"తోసుకోని రాండి" అని లోపల్నుంచి వినపడింది. "గొళ్ళెం పెట్టలే."

తోసుకుని వెళ్ళాం. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, పక్కన వాకర్. సన్నటి మనిషి. నేనెవరో మామయ్య చెప్పకముందే ఆమెకి అర్థమైంది.

"పగలైనా గొళ్ళెం పెట్టుకోవద్దా అక్కా, ఒగదానివే ఉంటావు" అన్నారు మామయ్య, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

"ఎవురు లేచి తీసేది? ఈ వాకర్ పట్టుకోని పోయేలోపల వచ్చినోళ్ళు ఎల్లిపోతారు." వాకర్‌ని పక్కకి తోసింది. "ముప్పై ఎనిమిదేండ్లు తీస్తినిలే. యాడ తీగ తెగినా ఈయన్నే పిలుస్తాండ్రి. ఎప్పుడొస్తాడో తెలీదు. వచ్చి తలుపు కొట్టి, 'నాగీ, గొళ్ళెం తీయ్' అంటాండె. విసుక్కుంటా లేస్తాంటి. ఒగరోజన్నా గొళ్ళెం పెట్టకుండా ఉండవే, తోసుకోని వస్తా అంటాండె. దొంగలు పడితే అని నేను పెడతానే ఉంటి."

నేను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.

"తప్పు నాదేనమ్మా. మామయ్య వద్దన్నారు. నేనే పెట్టాను."

"ఏముంది దాంట్లో?" అని అడిగింది ఆమె.

చెప్పాను. మామయ్య చేతులు, ఉలి, తడిగుడ్డ, నల్లగా లేచిన అక్షరాలు. ఆమె కావాలంటే చూపిస్తానని ఫోన్ తీయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. నాకు వీడియోలు పడవు." చెయ్యి దించకుండానే చెప్పింది. "ఆ పొద్దు ఆసుపత్రిలో గూడా వీడియో కాల్ పెట్టినారు, చివరి చూపు చూడమని. నర్సమ్మ ఫోన్ నా మొగం కాడ పట్టుకునె. ఎవురిదో ఈపు కనపడె. అది జరిగినాక పూలదండ కనపడె. దండ కింద ఆయన మొగం ఉంటాదని చూస్తాండా. ఆడికొచ్చి ఆగిపాయె. నడిమధ్యన చక్రం తిరుగుతాండె, తిరుగుతాండె. మళ్ళా వచ్చేతలికి మన్ను పోస్తాండారు."

చాగలమర్రి పల్లెల్లో సిగ్నల్ లేక తిరిగే చక్రం గురించి నేనెంత తేలిగ్గా మాట్లాడానో గుర్తొచ్చింది.

"మీ అమ్మది గూడా ఈయనే చెక్కినాడంట గదా" అంది. "గుడ్డ లాగినావా?"

"నాన్న, నేను."

"లాగినాక ఎట్లుండె?"

ఎవరూ నన్ను అది అడగలేదు అంతకుముందు. "చదవలేదమ్మా" అన్నాను. "కళ్ళు కనపడలేదు. చేత్తో ముట్టుకున్నా. వేలు అక్షరంలోకి దిగింది. చల్లగా ఉంది. అప్పుడు... అమ్మ ఇక్కడే ఉంది అనిపించింది. అంతకు ముందు ఎక్కడుందో తెలిసేది కాదు."

మామయ్య అప్పటిదాకా తలవంచుకుని ఉన్నారు. ఉన్నట్టుండి తల ఎత్తారు.

"అక్కా, అడుగున ఒగ వరస ఖాళీ ఉంది. బైబిలు వాక్యం రాసి పంపుతానన్యాడు నీ కొడుకు. ఇంగా పంపలే. ఆ వరస నువ్వు చెప్పు. నీకు, నాకు తప్ప ఇంగెవురికీ తెలీదు. పాస్టరుకు గూడా."

ఆమె చాలాసేపు గోడ మీద ఉన్న ఫొటో వైపు చూసింది. యూనిఫాంలో లైన్‌మన్ తిమోతి గారు, భుజాన తాడుతో. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు బయటికి పోమ్మా."

వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. సందులో ఎవరో పిండి పట్టించుకుని పోతున్నారు. లోపల ఆమె మామయ్యకి ఏం చెప్పిందో వినపడలేదు. వినకూడదని రెండు చెవులూ మూసుకున్నాను కూడా. మామయ్య బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్సులో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

మర్నాటి నుంచి షెడ్డులో గోనెపట్టా దిగింది. ఆరు రోజులు. టీ గ్లాసు పట్టా కింద నుంచి లోపలికి తోసి వచ్చేసేదాన్ని. "కండ్లు మూసుకోని పెట్టినావా?" అని అత్తమ్మ అడిగేది. మూసుకునే పెట్టేదాన్ని. ఒకరోజు టీ అంతా మామయ్య చెప్పులో పోశాను.

ఈ మధ్యలో వెబ్‌సైటు మొదటి పేజీలో వీడియో ఉన్న చోట తెల్లగా ఖాళీ మిగిలింది. ఎడ్విన్‌కి ఆ ఖాళీ చూస్తే మనసు ఆగేది కాదు. ఒక పొద్దున షెడ్డు ముందు అందరం ఉన్నప్పుడు మళ్ళీ ఎత్తాడు.

"వీడియో తప్పు గాదు నాయనా. ఎవురి రాయి తీసినామనేది తప్పు. ఎవురిదీ గాని పేరు చెక్కు, తీస్తాం."

"ఎవురిదీ గాని పేరు యాడుందిరా? ఏ పేరు చెక్కినా ఎవురో ఒగరు ఉంటారు దానికి." మామయ్య ఉలి మొనని బొటనవేలితో చూసుకుంటూ ఆలోచించారు. "పోనీ నా రాయి చెక్కుతా. తీసుకోండి. నా పేరు నాదే గదా, ఎవుర్ని అడగాల్సిన పన్లే."

అత్తమ్మ చేతిలో సూది ఆగింది.

"నీ పేరు నీదా?"

"మరి?"

"గుడ్డ లాగేది ఎవురు, నువ్వా?"

మామయ్య ఉలి పక్కన పెట్టారు.

"ఊరంతా సెల్లుల్లో చూసినాక ఆఖర్న నేను చూడల్లా? నీ రాయి నేను చూడల్ల ముందు."

"నువ్వే ముందు పోతే?" అన్నారు మామయ్య, నవ్వు ఆపుకుంటూ.

"పోతే నాది నువ్వు చూద్దువులే. నువ్వే చెక్కల్ల గదా, ఎట్లాగూ ముందు చూసేది నువ్వే. అదొగటి దొరికిండాది నీకు."

ఎడ్విన్ ముందు నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఎవరం ఎవరి మొహం చూసుకోలేదు. ఎడ్విన్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. అతని చిటికెనవేలు నా చేతికి తగిలింది. నేను పట్టుకుని వదల్లేదు. మా ఇద్దరిలో ఎవరి గుడ్డ ఎవరు లాగుతారో అని మొదటిసారి అనిపించింది. పెళ్ళయి ఎనభై రెండు రోజులు.

సంవత్సరం దినం శనివారం వచ్చింది. ముందురోజే మామయ్య, ఎడ్విన్ రాయిని గుడ్డతో సహా తీసుకుపోయి నిలబెట్టి వచ్చారు. అత్తమ్మ ఆ గుడ్డకి నాలుగు వైపులా రెండేసి కుట్లు ఎక్కువ వేసింది, గాలికి లేవకుండా.

నంద్యాలలో సమాధుల తోటలో నలభై మంది దాకా ఉన్నారు. జీవన్ కుమార్ నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. నా కంటే పదేళ్ళు పెద్దవాడు. చెప్పులతో మట్టి కెలుకుతూ, "మీదేం లేదు సిస్టర్. అమ్మను అడగాలని నాకే తోచలేదు. వీడియో కాల్ పెట్టించింది గూడా నేనే" అన్నాడు.

పాస్టరు గారి ప్రార్థన అయింది. ఆమేన్ అనగానే ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు పైకి లేపారు. జీవన్ కుమార్ వెనక్కి తిరిగాడు.

"ఫోన్లు లోపల పెట్టండి. దండం పెడతా. అందరూ."

"ఒక్క ఫొటోనే గదా నాయనా" అన్నారెవరో.

"ఇప్పుడు గాదు చిన్నాయనా."

ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. నాగేశ్వరమ్మ వాకర్ మీద రాయి దగ్గరికి నడిచింది. ఎవరినీ తోడు రావద్దంది. రాయి ముందు వాకర్ వదిలేసి, ఒక చెయ్యి రాయి నెత్తిన ఆనించి, రెండో చేత్తో గుడ్డ లాగింది. మా అందరికీ ఆమె వీపే కనపడుతోంది. రాయి ఆమె ముందు ఉంది. ఆమెకి తప్ప ఎవరికీ కనపడదు.

ఆమె పేరు వైపు చూడలేదు. మెల్లగా ఒంగింది. తుంటి నొప్పికి పళ్ళ మధ్య నుంచి ఊపిరి పీల్చుకోవడం మాకు వినపడింది. జీవన్ కుమార్ కదిలాడు. మామయ్య అతని మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె వేలు అడుగు వరస మీద ఎడమ నుంచి కుడికి పోయింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి పోయింది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. తోట గోడ అవతల రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది.

తర్వాత ఆమె పక్కకి జరిగింది. అప్పుడు చూశాం.

తిమోతి. రెండు తేదీలు. వాటి కింద, మామయ్య చేతి అక్షరాల్లో:

'నాగీ, గొళ్ళెం పెట్టలేదు. తోసుకుని రా.'

చుట్టాల్లో గుసగుస మొదలైంది. వెనకనున్న పెద్దాయన కళ్ళజోడు సరిచేసుకుని, "ఏ అధ్యాయం వదినా ఇది?" అన్నాడు.

"మా ఇంట్లోదిలే" అంది నాగేశ్వరమ్మ.

ఆమె నన్ను వెతికింది, ఆ గుంపులో. చెయ్యి ఊపి పిలిచింది. వెళ్ళాను.

"ఇంగ తీయ్ ఫొటో. నన్ను, రాయిని. గ్రూపులో అందరికీ పంపమను వీన్ని."

"వీడియో తీయనా అమ్మా?" అన్నాడు జీవన్ కుమార్ వెనక నుంచి.

"వద్దు నాయనా. చక్రం తిరుగుతాది. ఫొటో కదలదు."

ఒకే ఫొటో తీశాను. ఆమె చెయ్యి రాయి మీదే ఉంది. చూపించాను. చూసి తల ఊపింది. "నీ కంప్యూటర్లో గూడా పెట్టుకో" అంది. "అడిగినావు గదా" అని చేర్చింది, నేనింకా అడగకపోయినా.

తిరుగు బస్సులో మామయ్య, అత్తమ్మ ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన నిద్రలో ఆమె భుజం మీదికి ఒరుగుతుంటే, ఆమె తోసేస్తూ, మళ్ళీ ఒరగనిస్తూ ఉంది. వెనక సీట్లో నేను, ఎడ్విన్. ఎడ్విన్ ఫోన్‌లో మా వెబ్‌సైటు తెరిచాడు. మొదటి పేజీలో ఆ తెల్లటి ఖాళీ అలాగే ఉంది.

"ఈడ ఏం పెడతావ్? ఆ ఫొటోనా?"

"ఫొటో లోపలి పేజీలో పెడతాను."

"మరి ఈడ? నాయన చేత్తో చెక్కుతాడని ఎట్ల తెలుస్తాది?"

"వచ్చి ముట్టుకుంటే తెలుస్తుంది" అన్నాను. మా అమ్మ రాయి విషయంలో నాకు అలాగే తెలిసింది.

ఫోన్ తీసుకుని టైపు చేశాను. బస్సు కుదుపులకి రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి సరిగ్గా వచ్చింది.

'మీ రాయిని మీకంటే ముందు ఎవరూ చూడరు. మా అక్షరాలు చూడాలంటే ఆళ్ళగడ్డ వచ్చి చేత్తో ముట్టుకుని చూడండి.'

ఎడ్విన్ చదివాడు. మిషన్ పెట్టిన దుకాణానికి పోయిన ఆర్డర్లు ఈ రెండు వాక్యాలతో తిరిగొస్తాయని అతనూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అతను పేజీ మూసి మళ్ళీ తెరిచాడు. బస్సు అప్పుడు సిగ్నల్ సరిగ్గా లేని చోట పోతోంది. ఒక గీతే ఉంది. పేజీ వచ్చేసింది.

"వీడియో కంటే ఇది బేగా తెరుచుకుంటాది" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీ సీటు నాకు వదిలి ఇటు జరిగాడు.